చేతి బరువు చమురు మోసింది

ఎగుడుదిగుడు నేలపై ముందుచక్రం రాతికి తగిలితే, స్టీరింగు గిర్రున తిరిగి డ్రైవరు బొటనవ్రేలిని విరవగలదు. అమెరికాలో పియర్స్-యారో ట్రక్కుల విభాగంలో పనిచేసిన ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్, ఆ శ్రమను చమురుకు అప్పగించాడు. 1926లో ఆయన ప్రదర్శించిన పరికరంలో, బండి తిన్నగా పోతున్నంతసేపూ చమురు కవాటం గుండా ఊరకే పారుతుంది. స్టీరింగు త్రిప్పగానే కవాటం ఒక ప్రక్క మూసుకొని, పుట్టిన పీడనం చక్రాలను నెడుతుంది. కిటుకంతా ఇంతే! కంపెనీలు ఖర్చుకు జంకాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో సాయుధ శకటాలకు అక్కరకు వచ్చిన ఈ సాధనం, 1951లో గాని క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో బజారుకు రాలేదు.

పాత జీపుకు దీనిని బిగించేవారు చట్రాన్ని కూడ చూసుకోవాలి. చేతికి తప్పిన బరువు స్టీరింగు పెట్టె బిగించిన చోట పడుతుంది. అక్కడ అదనపు పట్టీ వేయకుంటే చట్రం బీటవారుతుంది.