తాళం తీస్తే కంపెనీ గట్టెక్కుతుందా?

నష్టాల్లో ఉన్న కంపెనీ తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఓపెన్ సోర్స్ చేస్తే నిలదొక్కుకుంటుందా? గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే చాలామంది వెంటనే 'అవును' అనేస్తారు. లైనక్స్, ఆండ్రాయిడ్ పేర్లు చెబితే చాలనుకుంటారు. కానీ ఆ రెండూ కోడ్‌ను పంచుతూ పెరిగినవే. మునిగిపోయే దశలో తాళం తీసిన కంపెనీల సంగతి వేరు. మూడు ఉదాహరణలు చూడండి.

నోకియా - సింబియన్

ఒకప్పుడు స్మార్ట్‌ఫోన్లలో సింబియన్‌దే రాజ్యం. దాన్ని పూర్తిగా సొంతం చేసుకుని ఓపెన్ సోర్స్ చేస్తామని నోకియా 2008లో ప్రకటించింది. కోడ్ మొత్తం బయటికొచ్చేసరికి 2010 ఫిబ్రవరి అయింది. ఈలోగా ఆండ్రాయిడ్ ఉచితంగా ఫోన్ తయారీదారుల చేతికి వచ్చేసింది. 2010లోనే శామ్‌సంగ్, సోనీ ఎరిక్సన్ సింబియన్‌ను వదిలేశాయి. మరుసటి ఏడాది నోకియా కూడా విండోస్ ఫోన్ వైపు మళ్లింది. సింబియన్ పనితో పాటు దాదాపు 3,000 మంది ఉద్యోగులను యాక్సెంచర్‌కు బదిలీ చేస్తామని 2011 ఏప్రిల్‌లో చెప్పింది. వారిలో భారత్‌లో పనిచేసేవారూ ఉన్నారు.

సన్ - సొలారిస్

డాట్‌కామ్ పతనంతో దెబ్బతిన్న సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో సొలారిస్ కోడ్‌ను తెరిచింది. ఇంజినీర్లు మెచ్చుకున్నారు కానీ, సర్వర్లలో అప్పటికే లైనక్స్ పాతుకుపోయింది. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్ ఆ ఏడాదే తలుపులు మూసేసింది. అయితే ఒకసారి బయటికిచ్చిన కోడ్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు కదా! అది ఇల్యుమోస్ పేరుతో కొనసాగుతోంది. అందులోని జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఇప్పుడు లైనక్స్‌లోనూ నడుస్తోంది.

హెచ్‌పీ - వెబ్‌ఓఎస్

హెచ్‌పీ 2010లో పామ్ కంపెనీని 120 కోట్ల డాలర్లకు కొన్నది. 2011 జులైలో టచ్‌ప్యాడ్ ట్యాబ్లెట్‌ను తెచ్చి, ఆగస్టులోనే ఆపేసింది. వెబ్‌ఓఎస్‌ను ఓపెన్ సోర్స్ చేస్తామని డిసెంబరులో ప్రకటించింది. ఆ తర్వాత ఫోన్లలో అది మళ్లీ కోలుకోలేదు. 2013లో ఎల్‌జీ కొనుక్కుని, మరుసటి ఏడాది నుంచి తన టీవీల్లో వాడటం మొదలుపెట్టింది.

మరి తెరవాలా, వద్దా?

మూడు చోట్లా కోడ్ ఏదో రూపంలో మిగిలింది. కానీ దాన్ని నమ్ముకున్న వ్యాపారం మిగల్లేదు. కోడ్ ఉచితమైనంత మాత్రాన డెవలపర్లు రారు. వాళ్లు వినియోగదారులు ఎక్కడుంటే అక్కడికే వెళ్తారు. కాబట్టి తెరిచేదేదో మార్కెట్ చేజారకముందే తెరవాలి. పరికరాలో, సర్వీసులో ఇంకో ఆదాయ మార్గం ఉండాలి. బయటివారి మాటకూ నిర్ణయాల్లో చోటివ్వాలి. ఇవేవీ లేకపోయినా తెరవడం మంచిదే, పాత వినియోగదారులకు దారి మిగులుతుంది. దాన్ని కంపెనీని బతికించే మందుగా మాత్రం చూడకూడదు. డిస్కషన్‌లో ఇలా షరతులతో చెప్పిన జవాబుకే బలం ఎక్కువ.

మీకేం ఉపయోగం?

ఆఫర్ ఇచ్చిన కంపెనీ తన ప్రొడక్ట్‌ను ఓపెన్ సోర్స్ చేస్తున్నామంటే సంబరపడే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇకపై ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రొడక్ట్ మీద ఎంతమంది ఫుల్‌టైమ్ పనిచేస్తారు? బయటివారు పంపిన మార్పులను ఎవరు ఆమోదిస్తారు? సూటిగా సమాధానం రాకపోతే మరో ఆఫర్ కోసం ప్రయత్నాలు ఆపొద్దు.

చేరాక కూడా ఆ ఒక్క ప్లాట్‌ఫామ్‌కే పరిమితమైపోకండి. ప్రాసెస్‌లు, మెమరీ, ఫైల్ సిస్టమ్‌లు, సీ ప్లస్ ప్లస్ లాంటివి ఎక్కడికెళ్లినా పనికొస్తాయి. ఇంకో లాభమూ ఉంది. క్లోజ్డ్ కోడ్‌లో ఎంత గొప్ప పని చేసినా తర్వాతి ఇంటర్వ్యూలో దాన్ని చూపించలేరు. ఓపెన్ సోర్స్‌లో మీరు సరిదిద్దిన ఒక చిన్న బగ్ కూడా మీ పేరుతోనే అందరికీ కనిపిస్తుంది. కంపెనీ మూతపడ్డా ఆ రికార్డు మీ రెజ్యూమెలో ఉంటుంది.