పందుల్ని తరిమితె రోగం పోతదా?

పందుల ముచ్చట రాంగనే మన పట్నాలల్ల ముందుగాల ఇనబడే మాట ఒక్కటే: ఊరవతలికి తరుముండ్రి. జగిత్యాల అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా నేనడిగేది ఇంకోటి. ఐతారం మన పళ్లెంలకొచ్చే పందికూరను ఎక్కడ కోసిండ్రు? ఏ నీళ్లతోటి కడిగిండ్రు? ఏ డాక్టర్ సూసిండు?

సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పంది పేగులల్ల ఉంటది. పంది మంచిగనే తింటది, తిరుగుతది, రోగమున్నట్టు కనబడది. కోసేటప్పుడు పేగు తెగితె పెంట మాంసానికి అంటుతది. అదే కత్తి, అదే మొద్దు వాడితె ఇంకో మాంసానికీ పాకుతది. తిన్నోళ్లకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. పసిపిల్లలకు, ముసలోళ్లకు పానం మీదికొస్తది. టైఫాయిడ్ మాత్రం పందుల నుంచి రాదు. ఆ రకం సాల్మొనెల్లా మనుషులల్లనే బతుకుతది. ఆ నింద పందులు సాకెటోళ్ల మీద ఏసుడు అన్యాయం.

1953ల స్వీడన్‌ల అల్వెస్టా కబేళా మాంసంతోటి దాదాపు 9 వేల మందికి ఈ రోగమొచ్చింది, 90 మంది దాకా సచ్చిపోయిండ్రు. ఆ దేశం పశువులు సాకుడు బందు పెట్టలే, దాణా నుంచి కబేళా దాకా పరీక్షలు పెట్టింది. డెన్మార్క్ 1995 నుంచి దేశమంతట పందుల మందలను పరీక్ష జేస్తున్నది. రోగం ఎక్కువున్న మందను వేరుగ, మరింత జాగ్రత్తగ కోస్తరు.

మన దగ్గర తరతరాలుగ పందులు సాకేది ఎరుకలోళ్లు. జాతీయ పశుసంపద మిషన్ 100 ఆడపందులు, 10 మగపందుల ఫారానికి 30 లక్షల దాకా, అంటే సగం ఖర్చు ఇస్తది. ఐదారు పందులున్న ఇంటికి ఆ కాయితం ఏం అక్కరకొస్తది? మిగిలిన సగం పైసలు, జాగ ఎవలిస్తరు? 2001 కబేళా నిబంధనలేమో పట్నంల గుర్తింపున్న కబేళాలనే కోయాలె, ముందుగాల పశువైద్యుడు సూడాలె అంటయి. కబేళా కట్టకుంట రూలు జూపెడితె అది పేదోని మీద లాఠీ అయితది.

కావల్సింది పెద్ద ముచ్చటేం కాదు. సిమెంటు గచ్చు, నల్లా నీళ్లు, మాంసం యేలాడదీసే కొక్కేలు, మురికి పోయే కాలువ. సాకెటోళ్లకు ఊరి దగ్గర్నే షెడ్లు, మంచినీళ్లు. హోటల్ల ఎంగిలి ఉడకబెట్టి ఏసుడు నేర్పాలె. కోరుట్లల పశువైద్య కాలేజీ ఉన్నది, ఆ సదువు ఎరుకల వాడకు రావాలె. తినేటోళ్లు గూడ పచ్చి మాంసం కోసిన కత్తిని కడగకుంట కూరగాయలకు వాడొద్దు, ముక్క లోపలిదాక ఉడకాలె.

మున్సిపాలిటీ బడ్జెట్ల పందుల్ని పట్టుకపోయే ఖర్చు రాసే ముందు, కబేళాకు ఎంత రాసిండ్రో కౌన్సిలర్లను అడుగుండ్రి.