బస్రా గోడపై లేని పేరులు

1917 నవంబరు 18వ తేదీన సర్ స్టాన్లీ మాడ్ అను బ్రిటిషు సేనాని బాగ్దాదున కలరా సోకి మరణించెను. ఆ సంవత్సరము మార్చిలో ఆ నగరమును జయించినవాడతడే. అతని సమాధిపై మంటపము కట్టిరి. నగరమున విగ్రహము నిలిపిరి. ఆ విగ్రహమును 1958లో ప్రజలు కూలద్రోసిరి గాని, సమాధి నేటికిని గలదు.

ఆ మెసొపొటేమియా దండయాత్రలోనే కలరా, రక్తగ్రహణి, జ్వరము, వడదెబ్బ వేలకొలది భారతీయ సిపాయిలను బలిగొనెను. వ్యాధి సేనానిని, సిపాయిని ఒక్క తీరుగనే చూచెను; స్మారకశిల యట్లు చూడలేదు. 1929లో ఆవిష్కరింపబడిన బస్రా స్మారకము, సమాధి తెలియని 40 వేలకు పైబడిన మృతులకై కట్టబడినది. సామాన్య ఆంగ్లసైనికుని పేరును దానిపై చెక్కిరి. భారతీయులలో అధికారులకే పేరులు. తక్కినవారు తమతమ పటాలముల క్రింద ఉత్త అంకెలైరి.

"గుండుదెబ్బకు పడినవాడు వీరుడు గాని, రోగమున పోయినవాడెట్లు వీరుడగును?" అని కొందరందురు. వారు కూట్ ముట్టడిని తలచుకొందురు గాక! 1915 డిసెంబరు మొదలు 1916 ఏప్రిలు 29 వరకు సాగిన యా ముట్టడిలో కూరగాయలు లేక, గుఱ్ఱపుమాంసము తిన మనసొప్పక, మన సిపాయిలెందరో స్కర్వీ రోగమున కృశించిరి. అంతకుముందు టెసిఫన్ యుద్ధమున గాయపడినవారిని తగిన వైద్యము లేని పడవలలో క్రిక్కిరియ నెక్కించి బస్రాకు దింపిరి. 1917లో వెలువడిన విచారణ సంఘ నివేదిక యీ వైద్యలోపములను గర్హింపగా, ఇండియా మంత్రి చేంబర్లేను పదవి వదలుకొనెను. కావున ఆ చావులన్నియు విధివ్రాత కావు. దండును పంపి మందు పంపనివారి యపరాధ మందు గలదు.

"పరప్రభుత్వపు జీతగాండ్రను మనమేల స్మరింపవలె?" నని మఱికొందరి ప్రశ్న. ఆ యుద్ధమును సిపాయి కోరలేదు. కూటికై కొలువున చేరెను. వాని పేరును హరించు హక్కు సామ్రాజ్యమునకు లేకుండెను. మఱచు హక్కు మనకును లేదు.

భారతీయులు, ఆఫ్రికనులు మున్నగువారిలో 45 వేల నుండి 54 వేల మందికి స్మరణమున సమానగౌరవము దక్కలేదని 2021 ఏప్రిలులో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘపు నివేదిక యొప్పుకొనెను. బ్రిటిషు రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. బాకీ యొప్పుకొన్నంతనే డిక్రీ చెల్లినట్లు కాదని మా వృత్తివారెరుగుదురు. పేరు పేరున చెక్కిననాడే యీ ఋణము తీరును.

మన వంతు పనియు గలదు. మద్రాసు సాపర్ల దళములు మెసొపొటేమియాలో పనిచేసినవి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమువంటి యూళ్లు మహాయుద్ధములకు బిడ్డలను పంపినవి. చదువరులారా! మీ యింటి పాతపెట్టెలో పతకమున్నచో దాని యంచు చూడుడు; సైనికుని సంఖ్య, పేరు, దళము అందు చెక్కియుండును. వానిని మీ గ్రంథాలయమున నొక పుస్తకములో వ్రాసియుంచుడు. బస్రా గోడపైకి ఎక్కవలసిన పేరులు మొదట మన యూరి పుస్తకమున నెక్కవలెను.