ఫీల్డు కనిపించకపోవడం వేరు, అందకపోవడం వేరు

పాణ్యం, ఆళ్లగడ్డ నుంచి బీటెక్ అయిపోగానే అమీర్‌పేట బస్సెక్కేవాళ్లలో సేల్స్‌ఫోర్స్ కోర్సు పట్టేవాళ్లు తక్కువేం కాదు. స్క్రీన్లు కట్టడం వస్తుంది, రిపోర్టులు వస్తాయి. ఏ కస్టమర్ వివరం ఏ ఉద్యోగికి అందాలి అన్న పాఠం మాత్రం చివర్లో ఓ గంటలో తేల్చేస్తారు. అది మొదటి వారంలోనే చెప్పాలి.

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఓ ముఠాను పట్టుకున్నారు. 16.8 కోట్ల మంది వివరాలు వాళ్ల దగ్గర అమ్మకానికున్నాయన్నారు. మరుసటి నెలలో ఇంకో కేసులో లెక్క 66.9 కోట్లకు వెళ్లింది. ఏదో ఒక ఆఫీసులో ఫోన్ నంబరు, జీతం, ఆధార్ అందరికీ తెరిచి ఉంటే ఇలాంటి వ్యాపారానికి సరుకు దొరకడం కష్టమా?

నంద్యాలలో ఓ విత్తన కంపెనీ ఉందనుకోండి. రైతులకు ఫోన్ చేసే కుర్రాడికి పేరు, ఊరు, పంట చాలు. ఆధార్, బ్యాంకు ఖాతా అకౌంట్స్ వాళ్లకే కావాలి. చాలామంది ఏం చేస్తారంటే, పేజ్ లేఅవుట్‌లోంచి ఆధార్ ఫీల్డు తీసేసి 'దాచేశాం సార్' అంటారు. అదే కుర్రాడు రిపోర్టు తీస్తే ఆ కాలమ్ హాయిగా వచ్చేస్తుంది. ఏపీఐ ద్వారా కూడా అంతే. ఫీల్డ్ లెవల్ సెక్యూరిటీలో అనుమతి తీసేస్తేనే ఈ దారులు మూసుకుంటాయి. జోహోలోనూ ప్రొఫైల్‌ను బట్టి ఫీల్డు కనిపించకుండా చేయొచ్చు. రిపోర్టును ఎక్సెల్‌లోకి దించుకునే అనుమతి వేరేగా ఉంటుంది, దాన్నీ చూడాలి. ఒక్కసారి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లాక సాఫ్ట్‌వేర్ చేసేదేం లేదు.

'ఇన్ని తాళాలేస్తే పని ఆగిపోతుంది' అని మేనేజర్లు గొణుగుతారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ కాల్ చేసేవాడికి కావాల్సింది డయల్ బటన్, నంబరు కాదు. ఆధార్‌కే మాస్క్‌డ్ రూపం ఉంది, చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ఇక చట్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సరైన భద్రత పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. అందుకే ఈ పని తెలిసినవాళ్ల కోసం కంపెనీలు వెతుక్కోక తప్పదు.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ప్రాజెక్టులో ఇద్దరు యూజర్లను పెట్టుకోండి. ఒకరు టెలీకాలర్, ఒకరు అకౌంటెంట్. ఒకే రైతు రికార్డును, ఒకే రిపోర్టును రెండు లాగిన్లతో తెరిచి చూపించండి.