పిలిస్తే పలకని కుక్కపిల్ల

అవుకు రిజర్వాయరు వైపు మేపుకొచ్చే గొర్రెల మందలోంచి మావారు 3 నెలల కుక్కపిల్లను తెచ్చారు. ఒళ్లోకి రాదు, పిలిస్తే పలకదు. అరిస్తే మంచం కిందికి దూరేది. విసుగొచ్చి తిరిగిచ్చేద్దామని నేనే తీసుకెళ్లాను.

కాపరి పెద్దాయన నవ్వాడు. "మొండిది కాదమ్మా. రాత్రిపూట నక్కొస్తే మనం చెప్పేదాకా కాచుకోనుంటాదా? దానంతట అదే తేల్చుకుంటాది."

పశువుల డాక్టరుగారిని అడిగితే, 3వ వారం నుంచి 3 నెలల్లోపు ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లనుకుంటుందన్నారు. మాది గొర్రెల మధ్య పెరిగిందాయె! మనల్ని నమ్మడానికి టైము పట్టదూ?

మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటిదుంటే ఇలా చేసి చూడండి. ఇంటిల్లిపాదీ ఒకే మాటతో పిలవండి. రోజుకు 3 సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. రాగానే చిన్న జొన్నరొట్టె ముక్క పెట్టండి. రాకపోతే వెంటపడొద్దు, కొట్టొద్దు. ఆలస్యంగా వచ్చిందని తిట్టారో, మరోసారి అసలు రాదు. 3 నెలలు నిండగానే రేబిస్ టీకా మాత్రం మరవకండి.

నెల తర్వాత ఒక సాయంత్రం బియ్యం ఏరుతుంటే, పిలవకుండానే వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. ఇప్పుడు ఎవరడిగినా ఇవ్వను!