ఫార్మాట్ కొట్టే ముందు ఆ అంకెలు చూపించమనండి

ఈ రోజు ఎరువుల గురించి కాదు, ఇంట్లో కంప్యూటర్ గురించి. నవ్వుకున్నా పర్లేదు, పూర్తిగా చదవండి.

మా గుంటడు చదువుకి విశాఖ ఎళ్తూ పాత కంప్యూటర్ ఇంట్లో ఒగ్గీసి ఎల్లాడు. అందులో ఏటున్నాయంటే... పాస్‌బుక్కులు, 1బీ, అడంగల్ స్కాన్లు, తొమ్మిదేళ్ల కూలీ ఖర్చుల లెక్కలు, 2018 అక్టోబర్‌లో తిత్లీకి నీట మునిగిన చేను ఫొటోలు, పోయిన మా నాన్న ఫొటోలు. వేరే ఎక్కడా కాపీ లేదు. తప్పు నాదే.

మొన్న నారు పోసే రోజుల్లో అది మొరాయించింది. ఫైలు తెరిస్తే గిర్రున తిరగడమే, ఒక్కోసారి నీలం తెర. ఆమదాలవలసలో రిపేర్ షాపుకి పట్టుకెళ్తే పెట్టె విప్పకుండానే "హార్డ్ డిస్క్ ఎర్రర్ అండి, ఫార్మాట్ కొట్టీస్తే సరిపోద్ది" అన్నాడు.

నా కోపం అక్కడే. వరి ఆకు రంగు మారితే అది జింకు లోపమా, నత్రజని చాల్లేదా, తెగులా, నీరు నిలిచిపోయిందా? మొక్క పీకి వేరు చూడకుండా మందు డబ్బా చేతిలో పెట్టినోడిని నమ్ముతామా? (నమ్మిన సంవత్సరాలూ ఉన్నాయి లెండి.)

వెనక్కి తెచ్చీసి గుంటడికి ఫోన్ చేశాను. "నాన్నా, ముందు కావలసినవి బయట డిస్కులోకి కాపీ చెయ్యి, తర్వాతే ఏటైనా" అన్నాడు. ఆగుతూ ఆగుతూ రెండు రాత్రులు పట్టింది. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరికేది వేయించాడు. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకుంటాదట, దాన్ని స్మార్ట్ అంటారు. ఇది ఆ లెక్క చూపిస్తాది.

మనం నాట్లయ్యాక గట్టు వార నాలుగు నారుకట్టలు ఉంచుతాం కదా, చచ్చిన చోట తిరగ నాటడానికి. డిస్కు కూడా కొంత జాగా అలాగే అట్టే పెట్టుకుంటాది. పాడైన చోటుకి బదులు ఎన్నిసార్లు వాడిందో 05 అనే వరుసలో ఉంటాది. చదవలేక అనుమానంలో పెట్టినవి సీ5లో. ఈ రెండూ పెరుగుతున్నాయంటే డిస్కు పోయే దారిలో ఉన్నట్టే. ఫార్మాట్ చేసినంత మాత్రాన అరిగిన పళ్లెం కొత్తది అయిపోదు.

మాకు ఆ రెండూ సున్నాలే. సీ7లో మాత్రం పెద్ద అంకె. అది డిస్కుకీ బోర్డుకీ మధ్య మాట తప్పిన లెక్క, ఎక్కువగా కేబుల్ వల్లే. వేడికని పక్క మూత తీసి ఉంచాం. లోపల చూస్తే కేబుల్ మీద ఎలుక పళ్లు! కొత్త కేబుల్ వేశాం, అంతే.

మా వీధిలో ఇంకొకాయనది ఇదే జబ్బులా కనిపించింది గానీ, ఆయనకి సీ5 పెరుగుతోంది. కాపీ తియ్యకుండా ఎవరో చెప్పారని రాత్రంతా చెక్ డిస్క్ నడిపించాడు. అది డిస్కంతా మూలమూలా చదివించి, మీద రాస్తాది కూడా. కరెంటు పోయి ఫైళ్ల లెక్క చెదిరితే పనికొస్తాది గానీ, కొన ఊపిరి డిస్కుకి ఆ చాకిరీ ఎక్కువ. తెల్లారేసరికి టక్ టక్ మని చప్పుడు, ఇక తెరుచుకోలేదు. మనవరాలి అన్నప్రాసన ఫొటోలన్నీ అందులోనే.

షాపు కుర్రాళ్లని తిట్టడం కాదు నా ఉద్దేశం. ఫార్మాట్ వాళ్లకి అరగంట పని, కాపీ తియ్యడం రోజు పని. అడగకపోతే ఎందుకు చేస్తారు? ముందు కాపీ, తర్వాత ఆ అంకెలు చూపించమని మనమే అడగాలి.

అంకెలు బాగున్నాయని నిద్రపోవడానికీ లేదు. 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల లెక్క తీస్తే, పాడైన వాటిలో మూడో వంతుకు పైగా స్మార్ట్‌లో ఏ తప్పూ చూపించకుండానే పోయాయి.

మా సీ7 అంకె నిన్న చూశాను. తగ్గలేదు, అది తగ్గదట. పెరగలేదు, అది చాలు. కాపీ డిస్కు మా అత్తారింట్లో బీరువాలో ఉంది. మూత కూడా బిగించాను.