అపార్ట్‌మెంటు సంఘం: నీటి పొత్తు, లెక్కల పేచీ

అనంతపురంలో ఫ్లాటు చూడడానికి వెళ్లినవారు ముందుగా గదుల కొలతలు అడగరు. బోరు ఎన్ని అడుగులు, నీళ్లు ఏ నెల దాకా వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు ఎవరిది అని అడుగుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసి తేలిపోతాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి వాటిలో పస ఉండదు. పెన్న అహోబిలం రిజర్వాయరు నీళ్లు నగరానికి కొళాయిల ద్వారా వస్తున్నా, నాలుగంతస్తుల భవనంలో స్నానానికి, బట్టలకు, వుజూకు చాలాచోట్ల బోరే ఆధారం. పెద్ద నగరాలలో అపార్ట్‌మెంటు యజమానుల సంఘమంటే తోట గురించో, కార్లు నిలిపే చోటు గురించో గొడవ కావచ్చు. ఇక్కడ మాత్రం అది మొట్టమొదట నీటి పొత్తు.

ఈ విషయం శుక్రవారం పేజీలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. గుల్జార్‌పేట, పాతవూరు వంటి చోట్ల తరతరాలుగా ఉన్న కుటుంబాల పిల్లలు ఉద్యోగాలు వచ్చాక కొత్త కాలనీలలో, అపార్ట్‌మెంట్లలో ఇళ్లు చూసుకుంటున్నారు. హిందూపురం, కదిరి, గుంతకల్లులలోనూ ఇదే వరస. మొహల్లాలో కొళాయి దగ్గర తగాదా వస్తే తీర్చడానికి పెద్దమనుషులు ఉంటారు, జుమా తరువాత నలుగురూ కూర్చుంటారు. అపార్ట్‌మెంటులో ఉండేది ప్రెసిడెంటు, సెక్రటరీ, రసీదు పుస్తకం. ఈ సంఘాల కింద బతకడం మేలా, కీడా అని మమ్మల్ని అడిగిన వారు చాలామందే ఉన్నారు.

ముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఫ్లాటు కొన్నవారికి తమ నాలుగు గోడలతోపాటు స్థలంలో అవిభక్త వాటా, ఉమ్మడి సదుపాయాలలో హక్కు ఉంటాయని, వాటి నిర్వహణకు యజమానులంతా కలిసి సంఘం పెట్టుకోవాలని అది చెబుతుంది. ఆ సంఘాన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గాని, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గాని రిజిస్టరు చేయించడం వాడుక. విడి ఇళ్ల కాలనీలలో సంక్షేమ సంఘంలో చేరడం, చేరకపోవడం మన ఇష్టం. అపార్ట్‌మెంటులో ఆ వీలు లేదు. కొన్ననాడే సభ్యుడు, కొన్ననాడే నెల చందాకు బాధ్యుడు.

మేలు చిన్నది కాదు. బోరు ఎండిపోయి కొత్తది వేయాలంటే ఒక్క కుటుంబం తట్టుకోలేదు. తవ్వినా నీరు పడుతుందన్న భరోసా లేదు. అదే ఇరవై ఇళ్లు పంచుకుంటే నష్టం వచ్చినా భరించగలుగుతాయి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి, వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటూ ఉండాలి. ఈ కాగితాల వెంట తిరగడం ఉద్యోగస్తుడికి ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. కొళాయి నీళ్లు రాని వారంలో కార్పొరేషన్ ఆఫీసుకు ఒక్కడు వెళ్తే రేపు రమ్మంటారు. సంఘం లెటర్‌హెడ్డు మీద ఇరవై సంతకాలతో వెళ్తే ఇంజినీరు తలెత్తి చూస్తాడు. ఈ ఉమ్మడితనం మన జిల్లా పల్లెలకు కొత్తేమీ కాదు. పక్కపక్కనే పోటీగా బోర్లు వేసి అందరూ అప్పులపాలైన తరువాత, కొత్త బోర్లు వేయబోమని, ఉన్న నీటినే పొరుగు చేనుకూ ఇస్తామని కట్టుబాటు చేసుకున్న రైతులు ఈ జిల్లాలోనే ఉన్నారు.

ఇక పేచీ ఎక్కడ మొదలవుతుందంటే, వాటాల దగ్గర. ఖర్చును ఫ్లాటుకింత అని సమానంగా వేయాలా, చదరపు అడుగుల లెక్కన వేయాలా, మనుషుల లెక్కన వేయాలా? కింది అంతస్తువారు లిఫ్టు ఖర్చు మాకెందుకంటారు. తాళం వేసి బెంగళూరులో ఉండేవారు ట్యాంకరు ఖర్చు మాకెందుకంటారు. ఎవరి మాటలోనూ న్యాయం బొత్తిగా లేదనలేము.

మాకు బాగా తెలిసిన ఒక ఉపాధ్యాయుని కుటుంబం ఉంది. తల్లి, తమ్ముడి సంసారం అంతా కలిసి ఎనిమిది మంది. వారుండే భవనంలో ట్యాంకరు ఖర్చు ఫ్లాటుకింత అని ఉండేది. ఒక మే నెలలో, ఐదుగురికి మించి ఉన్న ఇల్లు రెట్టింపు ఇవ్వాలని సంఘం తీర్మానం చేసింది. అటువంటి ఇల్లు ఆ భవనంలో వీరిదొక్కటే. తీర్మానం తమ మీద గురిపెట్టి చేశారని ఆయనకు కోపం వచ్చి, ట్యాంకరు డబ్బే కాదు, మొత్తం మెయింటెనెన్సే ఆపేశారు. మూడో నెలలో సంఘంవారు ఆ ఇంటికి వెళ్లే నీటి వాల్వు కట్టేశారు. ముసలి తల్లి వుజూకు చెంబెడు నీళ్ల కోసం పక్కింటి తలుపు తట్టవలసి వచ్చింది. పక్కింటావిడ రోజూ రెండు బిందెలు పెట్టి, "అమ్మా, ఇది సంఘం నీళ్లు కాదు, మా ఇంటి నీళ్లు" అన్నదట.

తీర్మానం మీటింగులో జరిగింది. నోటీసు లిఫ్టు తలుపు మీద వారం రోజులు అంటించి ఉంది. మాస్టారు ఆ మీటింగుకు వెళ్లలేదు, అంతకు ముందు రెండేళ్లలో ఒక్కదానికీ వెళ్లలేదు. ఎక్కువ నీళ్లు వాడే ఇల్లు ఎక్కువ ఇవ్వాలనడంలో తప్పు లేదు. కాని తలలు లెక్కపెట్టి రెట్టింపు వేయడం కొలత కాదు, కసి. బాకీ ఉంటే నోటీసు ఇవ్వవచ్చు, కోర్టుకు ఎక్కవచ్చు. నీళ్లు కట్టేయడం మాత్రం క్షమించరానిది. మిగులు నీటిని ఇతరులకు అందకుండా ఆపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. మదీనాలో రూమా బావి యజమాని నీళ్లు అమ్ముకుంటూ ఉంటే హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని కొని అందరికీ వదిలిపెట్టిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు.

బుఖారీ గ్రంథంలో ఒక ఉపమానం ఉంది. ఓడలో కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీళ్లకు మాటిమాటికీ పైకి పోవలసి వస్తోంది. పైవారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని తమ వాటాలోనే అడుగున రంధ్రం చేసుకోవాలని చూశారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. పాపాన్ని చూస్తూ ఊరుకోకూడదని చెప్పడానికి ప్రవక్త (స) వాడిన పోలిక ఇది. అపార్ట్‌మెంటులో ఉండేవారికి పోలిక మాత్రమే కాదు, అచ్చంగా తమ సంపు కథే. మాస్టారు చందా ఆపేయడం ఆ రంధ్రం వంటిదే. కాని కిందివారు నీళ్లకు పడుతున్న అవస్థను పైవారు ముందే పట్టించుకుని ఉంటే రంధ్రం దాకా వచ్చేదా అని కూడా అడగాలి.

చివరకు మాస్టారే తరువాతి మీటింగుకు వెళ్లి, బాకీ కట్టి, ఇంటింటికీ నీటి మీటరు పెట్టమని అడిగారు. కొంత గొణుగుడు తరువాత ఒప్పుకున్నారు. మీటర్లు వచ్చాక బయటపడిన సంగతి ఏమిటంటే, ఎక్కువ నీళ్లు వాడుతున్నది ఎనిమిది మంది ఉన్న ఇల్లు కాదు, రోజూ కారు కడిగించే ఇల్లు.

మన లోపాలు కూడా చెప్పుకోవాలి. మీటింగులకు వెళ్లం, వెళ్లినా మాట్లాడం, ఇంటికి వచ్చి 'మనవాళ్లు కారు గదా' అంటాం. లెక్కలు చూపమని అడిగే అలవాటు మనకు మసీదు కమిటీలలోనే అంతంతమాత్రం. అద్దెకుండేవారి పరిస్థితి వేరు. చాలా సంఘాల బైలాల ప్రకారం సభ్యత్వం, ఓటు యజమానికే. చందా కట్టేది అద్దెదారు, తీర్మానం చేసేది యజమాని. అద్దె ఒప్పందంలోనే నీటి ఖర్చు ఎవరిదో, మీటింగులో తమ మాట ఎవరు చెప్తారో రాయించుకోవడం మంచిది.

అసలు ఇల్లే దొరకని సంగతి ఇంకొకటి. 'మా అసోసియేషన్ ఒప్పుకోదండీ' అనే జవాబు విన్న పాఠకులు తక్కువేం కాదు. 2005లో అహ్మదాబాద్‌లోని పార్సీ గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకునే బైలాను సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు మాకు రుచించలేదు. అయితే అది సభ్యులను ఎంచుకుని ఏర్పడిన సహకార సంఘం సంగతి. మన అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు కొన్నవాడు సభ్యుడు, అతని మతం అడిగే పని సంఘానికి లేదు. అద్దె విషయంలో మతవివక్షను నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం మాత్రం దేశంలో లేదు. ఇటువంటి జవాబు వచ్చినప్పుడు ఆ తీర్మానం కాపీ చూపమని మర్యాదగా అడగండి. అటువంటి తీర్మానమే లేదని, అది ఇంటి యజమాని సాకు మాత్రమేనని తేలడం కద్దు.

బక్రీద్ విషయంలో మేము సంఘాల పక్షమే. 2023లో పండుగ ముందురోజు ముంబైలోని ఒక హౌసింగ్ సొసైటీ వ్యవహారంలో, మున్సిపల్ అనుమతి లేని చోట జంతువధ జరగకుండా చూడాలని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఉమ్మడి పార్కింగులో ఖుర్బానీ చేయాలని పట్టుబట్టనవసరం లేదు. మొహల్లాలో అన్నదమ్ముల ఇంట చేసి, వాటా తెచ్చుకోవచ్చు.

ఫ్లాటు కొనబోయేవారికి ఒక్క మాట. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, సగానికి మించి ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలలలోపు సంఘం ఏర్పడేలా చూడవలసింది బిల్డరే. నిర్మాణ లోపాలకు ఐదేళ్లు అతనే బాధ్యుడు. కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గాని కట్టిన భవనాలకు ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో చిన్న భవనాలు చాలావరకు ఆ లెక్కలోనే ఉంటాయి. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే బైలా కాపీ, గత రెండేళ్ల జమాఖర్చులు, బోరు అనుమతి కాగితం అడిగి తీసుకోండి. వీలైతే ఏప్రిల్ చివరిలో, సాయంత్రం ఆరు గంటలకు ఆ భవనానికి వెళ్లి, పై అంతస్తులో కొళాయి తిప్పి చూడండి.